అభిమాని: శబ్దార్థవిచారము

“ఆయన గొప్ప యభిమాని” యను వాక్యమును విన్నవారికి రెండర్థములు తోఁపవచ్చును. తన గౌరవమునకు లోపము రానీయనివాఁడని యొకటి. ఒక కవినో గాయకునో నటునో మిక్కిలి మెచ్చుకొనువాఁడని వేఱొకటి. మొదటి యర్థమున నాతని దృష్టి తనమీఁదనే నిలిచి యున్నది. రెండవ యర్థమున నితరునిమీఁద నిలిచి యున్నది. ఒక్క పద మిట్లు పరస్పరవిరుద్ధములుగాఁ గనఁబడు రెండర్థములను దెలుపుట వింతగా నుండును. నేఁటి వ్యవహారమున రెండవ యర్థమే ప్రబలమై యున్నది. పత్రికలయందును సభలయందును ‘అభిమానులు’ అన్నచో మెచ్చుకొనువారి సమూహమనియే యెల్లరును గ్రహింతురు.

ఈ ప్రాబల్యమువలనఁ బాఠశాలలలో నొక చిక్కు గలుగుచున్నది. కావ్యమున ‘అభిమానధనుఁడు’ అను విశేషణము కనఁబడఁగానే ‘ప్రేమయే ధనముగాఁ గలవాఁడు’ అని విద్యార్థి వ్రాయును. వేదాంతగ్రంథమున ‘దేహాభిమానము’ వచ్చినచో ‘శరీరముపైఁ గల ప్రీతి’ యని తేల్చివేయును. రెండును దోషములే. మఱియొక వైపునఁ గొందఱు పండితులు సంస్కృతమున నీ పదమునకు గర్వమే యర్థమనియు, మెచ్చుకొనువాని నభిమాని యనుట చలనచిత్రప్రకటనలవలనఁ బుట్టిన యపప్రయోగమనియు నాక్షేపించి, విద్యార్థులు వ్రాసిన సరియైన వాక్యములనుగూడఁ గొట్టివేయుదురు. ఇదియు దోషమే. మొదటివా రర్థమును దెలియక తప్పిరి. రెండవవారు సగము తెలిసికొని తప్పిరి. ఈ రెండర్థములకును మూలమైన భావ మొక్కటియే. దానిని గుర్తించినచో నెక్కడ నే యర్థమును గ్రహింపవలయునో తెలియును. మెచ్చుకొనుట యనఁగా నేమో యను విషయమునఁ గూడఁ గొంత వెలుఁగు కలుగును. ఈ రెండు సంగతులను నిరూపించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

వ్యుత్పత్తి

‘అభి’ యను నుపసర్గము ముందుండఁగా ‘మన్’ ధాతువునుండి యభిమానశబ్ద మేర్పడినది. ఈ ధాతువు దివాదిగణమున ‘మన్యతే’ యనియుఁ దనాదిగణమున ‘మనుతే’ యనియు రూపములను బొందును. రెండుచోట్లను నెఱుఁగుట, తలఁచుట యనునవియే యర్థములు. గర్వమను నర్థము ధాతువునందు లేదు. మనస్సు, మతి, మంత్రము అనునవి యీ ధాతువునుండి పుట్టినవే. కొలుచుట యను నర్థము గల ‘మా’ ధాతువునుండి పుట్టిన ప్రమాణము, అనుమానము, పరిమాణము అను పదములతో దీనిని గలుపరాదు. ‘మానము’ అను రూపమా రెండు ధాతువులకును సమానమగుటచేత నీ భ్రమకు నవకాశము కలదు.

ఉపసర్గాదులు చేరినకొలఁదిఁ దలఁపుయొక్క తీరు మాఱుచుండును. తక్కువగాఁ దలఁచుట అవమానము. ఎక్కువగాఁ దలఁచుట బహుమానము. చక్కఁగాఁ దలఁచుట సమ్మానము. బహుమానమన సంస్కృతమున గౌరవబుద్ధియే. ఆ బుద్ధికి గుర్తుగా నిచ్చు వస్తువునకుఁ దెలుఁగున నా పేరు వచ్చినది. ఇఁక ‘అభి’ యను దానికి నాభిముఖ్యము ప్రధానార్థము. కాఁబట్టి యొకదాని కభిముఖముగా నిలిచి దానిపైఁ దలఁపును మోపుట యభిమానము. ‘ఇది నేను’, ‘ఇది నాది’ యని యొకదానిని దలఁపుచేతఁ దనదిగాఁ జేసికొనుట దాని ముఖ్యభావము. ఆ యొకటి తన దేహము కావచ్చును, తన విద్య కావచ్చును, తన దేశము కావచ్చును, తాను చదివిన కవియుఁ గావచ్చును. పదము దానిని నియమింపదు.

తలఁపు తనపై నున్నదా, యితరునిపై నున్నదా యను విచారణ వైయాకరణులకుఁ గ్రొత్త కాదు. అష్టాధ్యాయి మూఁడవ యధ్యాయము రెండవ పాదమున 82, 83 సంఖ్యలు గల సూత్రములు రెండును మన్ ధాతువునకే సంబంధించినవి. మొదటిది సుబంత ముపపదముగా నున్నపుడు ‘ణిని’ ప్రత్యయమును విధించుచున్నది. రెండవది కర్త తన్నుఁ గూర్చియే తలఁచునపుడు ‘ఖశ్’ ప్రత్యయమునుగూడ విధించుచున్నది. తన్నుఁ దాను పండితునిగాఁ దలఁచువాఁడు పండితమ్మన్యుఁడు. వానినే పండితమాని యనియు ననవచ్చును. కాని యజ్ఞదత్తుఁడు దేవదత్తుని జూడఁదగిన చక్కనివానిగాఁ దలఁచినచో యజ్ఞదత్తుఁడు దర్శనీయమాని యగునేకాని దర్శనీయమ్మన్యుఁడు కాఁడని కాశికావృత్తివలనఁ దెలియుచున్నది. అనఁగా ‘మన్యుఁడు’ అను రూపము తన్నుఁ దాను మెచ్చుకొనువానికే చెల్లును. ‘మాని’ యను రూపము తన్ను మెచ్చుకొనువానికిని, నితరుని మెచ్చుకొనువానికిని సమానముగాఁ జెల్లును. ఇతరుని మెచ్చుకొనువాఁడు వ్యాకరణశాస్త్రమున యజ్ఞదత్తుని రూపమున నేనాఁడో చోటు సంపాదించుకొనియే యున్నాఁడు.

అభిమానిశబ్దమును మత్వర్థీయమైన ‘ఇని’ ప్రత్యయముచే ‘అభిమానము గలవాఁడు’ అని సాధించినను, తాచ్ఛీల్యార్థమున ‘ణిని’ ప్రత్యయముచే ‘అభిమానించుట స్వభావముగాఁ గలవాఁడు’ అని సాధించినను, తనపైనే యను నియమము దానియందుఁ జేరదు. నకారాంతమైన యీ శబ్దము సంస్కృతమునఁ బ్రథమైకవచనమున దీర్ఘాంతమగును. తెలుఁగున నది హ్రస్వమై ‘అభిమాని’ యని నిలుచును, బహువచనము ‘అభిమానులు’. ఈ బహువచనమును జూచి ‘అభిమానుఁడు’ అని యేకవచనమును గల్పించుట దోషము. స్త్రీవాచకమునకు ‘అభిమానిని’ యను సంస్కృతరూపము కలదు. వాడుకలో ‘అభిమాని’ యనునదియే స్త్రీపురుషుల కిరువురకును జెల్లుచున్నది.

కోశమును శాస్త్రములును

అమరసింహుఁడు ప్రథమకాండమునందలి నాట్యవర్గమున నభిమానమును గర్వాహంకారములతోఁ జేర్చి చెప్పినాఁడు. ఆక్షేపించువారికి గుర్తుండునది యీ స్థలమే. కాని యాతఁడే తృతీయకాండమునందలి నానార్థవర్గమున నీ పదమును మరలఁ జేపట్టి, ధనాదులవలనఁ గలుగు దర్పము, జ్ఞానము, ప్రణయము, హింస యని నాలుగర్థములను జెప్పినాఁడు. ప్రణయమన స్నేహము, ప్రీతి. కాఁబట్టి ప్రీత్యర్థము తెలుఁగువారు కల్పించినది కాదు. చలనచిత్రములు తెచ్చిపెట్టినదియుఁ గాదు. మన బడులలోఁ బ్రథమకాండము నోటికి వచ్చినంతగాఁ దృతీయకాండము రాకపోవుటయే యీ యాక్షేపణకుఁ గారణమని తోఁచుచున్నది. ఆ నాలుగర్థములలో జ్ఞానము ధాతువునకు మిక్కిలి సన్నిహితము. దర్పమును బ్రణయమును నా జ్ఞానము రెండు వైపులకుఁ బాఱిన కాలువలు.

శాస్త్రములలో నీ మూలభావము మఱింత స్పష్టముగాఁ గాననగును. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలలో నిరువదినాలుగవది యహంకారమునకు లక్షణముగా నభిమానమునే చెప్పుచున్నది. అచటి యభిమానము లోకమునఁ దిట్టఁబడు పొగరు కాదు. ‘ఇది నాకొఱకు’, ‘దీనికి నే నధికారిని’ యను తలఁపు. అది లేనిదే యే ప్రాణియు నే పనికిని బూనుకొనఁజాలదు. వేదాంతులు స్థూలశరీరాభిమానిని విశ్వుఁడనియు, సూక్ష్మశరీరాభిమానినిఁ దైజసుఁడనియుఁ, గారణశరీరాభిమానినిఁ బ్రాజ్ఞుఁడనియు వ్యవహరింతురు. దేహాభిమానమన దేహమునం దిష్టము కాదు. దేహమే తానను తలఁపు. దేహమును ద్వేషించువానికిని దేహాభిమాన ముండవచ్చును. ఈ యొక్క సంగతిని బోధించినచో విద్యార్థి పైని జెప్పిన దోషమును జేయఁడు.

బ్రహ్మసూత్రములందు రెండవ యధ్యాయము మొదటి పాదము, అయిదవ సూత్రమున ‘అభిమాని’ శబ్దమే వచ్చుచున్నది. శ్రుతియందు మృత్తిక పలికినదనియు, జలములు పలికినవనియు వాక్యములు కలవు. అచేతనములు పలుకుట యెట్లను ప్రశ్నకు, నచటఁ బలికినది మృత్తిక కాదనియు, మృత్తికాభిమానిని యైన దేవత యనియు భాష్యకారులు సమాధానము చెప్పిరి. ఆ దేవత మృత్తికను జూచి గర్వించుటలేదు. దానిని బొగడుటయు లేదు. దానిని దనదిగాఁ గైకొని, దాని పక్షమునఁ దాను మాటాడుచున్నది. అభిమానిశబ్దముయొక్క సారమంతయు నీ దృష్టాంతమున నిమిడియున్నది.

ఇట్లయ్యు దోషార్థము లేకపోలేదు. భగవద్గీత పదునాఱవ యధ్యాయము నాలుగవ శ్లోకమున నాసురసంపదను లెక్కించుచోటఁ గొందఱు ‘అభిమానము’ అనియుఁ, గొందఱు ‘అతిమానము’ అనియుఁ బాఠమును గ్రహించిరి. మొదటి పాఠమును గ్రహించినవారుగూడ నచట మితిమీఱిన గర్వమునే చెప్పవలసి యుండును. తలఁపు తనయందే చిక్కుకొనిపోయినపుడు దోషమగుననుటకు నా స్థలము సాక్షి.

ప్రీతిపక్షమున రెండు ప్రమాణములు ముఖ్యములు. వాత్స్యాయనుఁడు కామసూత్రముల రెండవ యధికరణమునఁ బ్రీతిని నాలుగు విధములుగ విభజించి, యభ్యాసమువలనఁ బుట్టునది యొకటి, యభిమానమువలనఁ బుట్టునది యొకటి యని చెప్పినాఁడు. ఈ రెండవదానికి ‘ఆభిమానికి’ యని పేరు. మునుపు పరిచయము లేకయే, యింద్రియములకు విషయము దొరకకయే, సంకల్పమాత్రమునఁ గలుగు ప్రీతి యది. ఎన్నఁడును గన్నులఁ జూడని కవిని, వేయేండ్లక్రిందట గతించినవానిని, నొకఁడు తన యింటివానివలెఁ దలఁచుట యెట్లు సంభవించునని యడిగినచో నీ విభాగమే సమాధానము. ఇఁకఁ బదునొకండవ శతాబ్దమునఁ బాలించిన ధారాధీశుఁడు భోజుఁడు రసము, అభిమానము, అహంకారము, శృంగారము అను నాలుగు పదములను నొకే తత్త్వమునకుఁ బేళ్లుగాఁ జేసినాఁడు. ఆయన మతమున నాత్మయం దీ యభిమానము గలవాఁడే రసికుఁడు. అది లేనివాఁడు నీరసుఁడు. ఇతర రసములను ననుభవించుటకుఁ గావలసిన శక్తి తనయందలి యభిమానమే యనుట యాతని సిద్ధాంతము. ఆలంకారికు లందఱు నీ సిద్ధాంతము నంగీకరింపలేదు. అయినను దన్నుఁ దాను గౌరవించుకొనుటయు, నితరుని మెచ్చుకొనుటయు నొకే వేరునుండి పుట్టునని చెప్పిన వారిలో భోజుఁడు ప్రముఖుఁడు.

తెలుఁగు వాడుక

తెలుఁగున రెండర్థములును జీవించియే యున్నవి. అవి యొండొంటితోఁ గలిసిపోకుండ భాష తనంతటఁ దాను గొన్ని గట్లను వేసికొన్నది.

మొదటి గట్టు వాక్యరచనకు సంబంధించినది. ‘వాని కభిమానము మెండు’ అన్నచోఁ దన గౌరవమునెడఁ బట్టుదల గలవాఁడని యర్థము. ‘వానికి నామీఁద నభిమానము మెండు’ అన్నచోఁ బ్రీతి గలవాఁడని యర్థము. రెండు వాక్యములకును భేదము ‘నామీఁద’ యను నొక్క పదమే. విషయమును జెప్పనపుడు తలఁపు తనవైపునకు మరలును. చెప్పినపుడు దానివైపునకుఁ బోవును. ‘అభిమానమును జంపుకొని చేయి చాఁచినాఁడు’, ‘ఆఁకలి యైనను నభిమానపడి యడుగలేదు’, ‘మానాభిమానములు లేనివాఁడు’ అను వాక్యములలో విషయము చెప్పఁబడలేదు. అన్నిటను దన గౌరవమే యర్థము. ‘మాయం దభిమానముంచి వేంచేయుఁడు’ అను నాహ్వానమున విషయము చెప్పఁబడినది, ప్రీతి యర్థము. ‘అభిమానించు’ అను క్రియ సకర్మకము. కర్మ మెపుడు నితరమే. తన్నుఁ దాను గొప్పగాఁ దలఁచుకొనుటకు మనము ‘గర్వించు’ నందుము గాని యభిమానించు ననము.

రెండవ గట్టు రూపములకు సంబంధించినది. అభిమానధనుఁడు, అభిమానవంతుఁడు, అభిమానశాలి, అభిమానస్థుఁడు అను రూపములు తన గౌరవమును గాపాడుకొనువానికే రూఢములు. ‘అభిమాని’ యనునది క్రమక్రమముగా నితరుని మెచ్చుకొనువానికి రూఢమైనది. ‘ఆయన యభిమానవంతుఁడు, ఎవరినిఁ జేయి చాఁచఁడు’ అనుటకును, ‘ఆయన తిక్కన యభిమాని, నిత్యము భారతము చదువును’ అనుటకును భేదమును బల్లెటూరివారుసైతము గుర్తింతురు. సమాసమునఁ బూర్వపదముగా నున్నపుడు మాత్రము జాగరూకత యవసరము. అభిమానధనమున గౌరవార్థము, అభిమానపుత్రుఁడు, అభిమానకవి యనుచోటులఁ బ్రీత్యర్థము. శాస్త్రోక్తముగా దత్తత చేసికొనకయే కొడుకుగాఁ బెంచుకొన్నవాఁ డభిమానపుత్రుఁడు. ఆ బాంధవ్యము రక్తమువలన రాలేదు, చట్టమువలన రాలేదు. తలఁపువలన మాత్రమే వచ్చినది. ఇచటఁ బదము తన మూలార్థమును జెక్కుచెదరకుండ నిలుపుకొన్నది.

వ్యతిరేకరూపములలో నొక విపరీతము కలదు. ‘నిరభిమాని’ యన్నచోఁ బెద్దలయెడ స్తుతి: అహంకారము లేనివాఁడు. ‘అభిమానము లేనివాఁడు’ అన్నచో లోకమున నింద: సిగ్గులేనివాఁడు. మాటకు మాట సరిపోవు రెండు రూపములు స్తుతినిందలుగా విడిపోయినవి. ఒకటి వేదాంతమునుండి వచ్చినది, రెండవది సంసారమునుండి వచ్చినది. గ్రంథమును వ్యాఖ్యానించువాఁ డీ భేదమును మఱవరాదు.

దేశాభిమాని, భాషాభిమాని యను సమాసములు గడచిన రెండు శతాబ్దములలో విరివిగా వ్యాపించినవి. దేశమన నితరమా, తానా? రెండును. అందువలననే యీ సమాసములలో గౌరవార్థమును బ్రీత్యర్థమును విడఁదీయ శక్యము కాదు. గురజాడ అప్పారావుగారు తమ దేశభక్తిగీతమున, దేశాభిమానము కలదని గొప్పలు చెప్పుకొనుటకంటె జనులకు మేలు చేయుట యవసరమని బోధించిరి. అభిమానము నోటిమాటగా మిగిలినచో మరలఁ దన్నుఁ దాను బొగడుకొనుటయే యగునని వారి యభిప్రాయము. మలయాళమున 1905లో ‘స్వదేశాభిమాని’ పత్రికయు, 1942లో ‘దేశాభిమాని’ పత్రికయు వెలసినవి. పొరుగుభాషలయందు నీ సమాసమున కెంతటి గౌరవము కలదో వీనినిబట్టి తెలియును.

ఇతరదేశభాషలలో నీ పదముయొక్క గతిని జూచినచో మన సిద్ధాంతము మఱింత బలపడును. హిందీయందు ‘అభిమాన్’ అన్నచో గర్వమను దోషార్థమే ముందు తోఁచును. ఆత్మగౌరవమునకు ‘స్వాభిమాన్’ అనెదరు. మరాఠీయందును మలయాళమునందును నది నిందలేని గర్వము. బిడ్డ గెలిచినపుడు తండ్రి కది కలుగును. తమిళమునఁ బ్రీతి. కన్నడమున మనవలెనే మెచ్చుకొనువాఁ డభిమాని. ఆ భాషయందు ప్రసిద్ధినటుఁడైన రాజ్‌కుమార్ (1929-2006) తన్ను మెచ్చినవారిని ‘అభిమాని దేవరుగళే’ యని సంబోధించుచుండెను. బ్రహ్మసూత్రములలోని యభిమానిదేవతతో నీ పలుకుబడికి సంబంధము లేకపోయినను, నా రెండు పదములు మరల నొకచోటఁ జేరుట ముచ్చట గొల్పును. వంగభాషయం దభిమానమన నొక విశేషభావము: ప్రియమైనవారు తన్ను లెక్కచేయనపుడు కలుగు నలుక. పరాయివారు లెక్కచేయకున్నచో నది కలుగదు. ప్రీతి లేనిదే యది లేదు; గౌరవబుద్ధి లేనిదే యది లేదు. గర్వమును బ్రణయమును నొక్క తలఁపుయొక్క రెండు ముఖములనుట కింతకంటె నిదర్శన మేల?

అభిమానియు సహృదయుఁడును

ఇఁక మెచ్చుకొనువానికిఁ గల యితరనామములనుండి యభిమానిని వేఱుపఱుపవలయును. రసికుఁడు రసము ననుభవించువాఁడు. అనుభవము ముగిసినతోడనే యాతని పని ముగియును. సహృదయుఁడు కావ్యాభ్యాసముచే నద్దమువలె నిర్మలమైన మనస్సు గలవాఁడని యభినవగుప్తపాదుల వివరణము. ఆతనికి యోగ్యత ప్రధానము. భక్తుఁడు తన్నుఁ దక్కువచేసికొని యారాధించును. ప్రశంసకుఁడు నోటితోఁ బొగడును. మనస్సుతోఁ దలఁచెనో లేదో తెలియదు. ఆంగ్లమున ‘అడ్మైరర్’ అను పదము వింతపడుట యను నర్థము గల లాటిన్ ధాతువునుండి వచ్చినది. ‘ఫ్యాన్’ అనునది ‘ఫనాటిక్’ అను దానికి సంగ్రహరూపమని సాధారణముగాఁ జెప్పుదురు. దాని మూలము దేవాలయవాచకమైన లాటిన్ పదము. ఒకఁడు వింతపడి దూరమున నిలుచును; వేఱొకఁడు పూనకముతో నూఁగును. మన యభిమాని వీరిలో నెవ్వఁడును గాఁడు. ఆతఁడు మెచ్చినవానిని దనవానిగాఁ జేసికొన్నవాఁడు. అందువలననే మెచ్చినవానికి గౌరవము జరిగినచోఁ దనకు జరిగినట్లు పొంగును. అవమానము జరిగినచోఁ దన కవమానము జరిగినట్లు కుందును. అభిమానులమధ్యఁ గలహము లేల పుట్టుచున్నవను ప్రశ్నకుఁ బదముయొక్క వ్యుత్పత్తియందే సమాధానము కలదు.

ఈ గుణమునందే యొక ప్రమాదముఁ గూడఁ గలదు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు భావకులను నాలుగు విధములుగాఁ జెప్పినాఁడు: దేనిని రుచింపనివాఁ డరోచకి, గడ్డితోఁగూడఁ దినివేయువాఁడు సతృణాభ్యవహారి, గుణమును జూచియు నసూయపడువాఁడు మత్సరి, తత్త్వమును శ్రద్ధతో వెదకువాఁడు తత్త్వాభినివేశి. అభిమాని తన కవియెడ సతృణాభ్యవహారియు, నితరకవులయెడ మత్సరియు నగుట కెంతయో కాలము పట్టదు. తనదనుకొన్నదానియందు దోష మెవ్వరికిఁ గనఁబడును?

మన సాహిత్యచరిత్రమునందే దీనికి నిదర్శనములు కలవు. పోతన జన్మస్థలము ఒంటిమిట్టయా, బమ్మెరయా యను వాదము చిరకాలము సాగినది. శాసనములను, గ్రంథస్థప్రమాణములను బరిశీలించిన వ్రాఁతలతోపాటు, మా మండలమువాఁడను తలఁపే ముఖ్యప్రమాణముగాఁ బెరిగిన వ్రాఁతలును దక్కువ కావు. ఇరుపక్షములవారును బోతన యభిమానులే. వారి యభిమానము పోతనపైఁ గాక తమ యూరిపై నిలిచిన క్షణమునఁ బ్రణయార్థము దర్పార్థముగా మాఱినది. పదమునందుఁ బ్రక్కప్రక్కల నున్న రెండర్థములు మనస్సునందును బ్రక్కప్రక్కలనే యున్నవి.

అట్లని యభిమానమును విడిచి యుదాసీనులమై యుండుటయుఁ దగదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర (1798-1884) జన్మముచేఁ దెలుఁగువాఁడు కాఁడు. ఈ భాషయం దాయనకుఁ గలిగినది వాత్స్యాయనుఁడు చెప్పిన యాభిమానికీప్రీతియే. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో నచ్చువేయించెను. పండితులకు జీతములిచ్చి, జీర్ణించుచున్న వ్రాఁతప్రతులను సేకరించి శుద్ధప్రతులు వ్రాయించెను. 1852లో నిఘంటువును వెలువరించెను. ఆయన వేమనను బొగడుటతోనే తృప్తిపడి యుండినచో నేఁడు మనకుఁ గలుగు లాభ మేమియు లేదు. తనదనుకొన్నదానికై పాటుపడుటచేతనే యా యభిమానము ఫలించినది. అటులనే మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవమును 1909లోఁ బ్రకటించి, యా కవి నన్నయకుఁ బూర్వుఁడని వాదించిరి. ఆ కాలనిర్ణయమును దరువాతి విమర్శకులలో ననేకు లంగీకరింపరైరి. కాని యాయన యభిమానమే లేకున్నచో వివాదపడుటకుఁగూడ మన చేత గ్రంథ ముండెడిది కాదు. గ్రంథమును వెదకి తెచ్చునది యభిమానము. దాని కాలమును నిర్ణయించునది విచారణ. మొదటిదానిపని రెండవది చేయలేదు. రెండవదానిపని మొదటిదానికి నప్పగింపరాదు.

ఉపాధ్యాయుల సౌకర్యార్థము పైని జెప్పిన దాని నిట్లు సంగ్రహింపవచ్చును. వేదాంత, సాంఖ్యగ్రంథములలో నభిమానమన ‘నేను, నాది’ యను తలఁపు. అచటఁ బ్రీతిని గాని పొగరును గాని చెప్పరాదు. కావ్యములలో విషయనిర్దేశము లేనిచో నాత్మగౌరవమో గర్వమో ప్రకరణమునుబట్టి నిర్ణయింపవలయును. విషయనిర్దేశ మున్నచోఁ బ్రీతి. ‘అభిమాని’ యని షష్ఠితోఁగాని సమాసమునఁగాని వచ్చినచో మెచ్చుకొనువాఁడు. ఇది సాధుప్రయోగము, దీనిని గొట్టివేయరాదు. అభిమానవంతుఁడు, అభిమానధనుఁడు మొదలగువాని నీ యర్థమున వాడరాదు.

మృత్తికకు నోరు లేకపోయినను దాని యభిమానిదేవత దాని పక్షమునఁ బలికినది. గతించిన కవులకును నోరు లేదు. వారి పక్షమునఁ బలుకవలసినవారు మనమే. అట్లు పలుకునపుడు వినఁబడునది వారి మాటయా, మన గొప్పయా యని యొక్కసారి తలఁచి చూచుకొన్నచోఁ జాలును. అభిమానిశబ్దమునందలి రెండర్థములలో మనకుఁ జెల్లునదేదో తేలిపోవును. విజ్ఞులు విమర్శించి గ్రహింతురు గాక.